పేర్లు పోయిన వాక్యం

గంటి మాస్టారిని ఏదన్నా అడిగితే ముందు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచేవారు. అది ఆలోచించుకోవడానికి కాదని మా అందరికీ తెలుసు. అడిగినవాడు తన ప్రశ్నని తనే ఇంకోసారి మనసులో విని, సిగ్గనిపిస్తే వెనక్కి తీసుకుంటాడేమోనని ఇచ్చే గడువు అది. నేను చాలాసార్లు తీసుకున్నాను. తీసుకోనివాళ్ళకి కూడా జవాబు దొరికేది కాదు. ఏదో ఒక పని దొరికేది.

ఆ వేసవిలో షాహీన అడిగిన ప్రశ్న ఇది: "రాసినవాడు లేడు, రాతలో పేర్లు లేవు సార్. ఇట్లాంటిదాంట్లో ఏది ఉంచాల, ఏది పీకెయ్యాల అని ఎట్లా తెలుస్తుంది?"

మాస్టారు కళ్ళజోడు తుడవడం అయిపోయింది. షాహీన ప్రశ్న వెనక్కి తీసుకోలేదు. మదనపల్లె నుంచి వచ్చి అప్పటికి రెండు నెలలే అయింది, ఆవిడకి ఈ మర్యాదలు ఇంకా తెలియవు.

గోదావరి పాయ ఒడ్డున మా ఊళ్ళో మాస్టారిది మొదట్లో టైపూ షార్ట్‌హ్యాండూ నేర్పే ఇన్‌స్టిట్యూట్. మేడ మీద పొడుగాటి హాలు, రెండు వరసల్లో ఇరవై మిషన్లు. కాలం మారి మిషన్లు మూలకి చేరితే, మాస్టారు యాభై రెండో ఏట కంప్యూటరు ముందు కూర్చుని ఓనమాలు దిద్దుకున్నారు. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి దిద్దించారు. మేం ఐదారుగురం అక్కడే ఉండిపోయి చుట్టుపక్కల కొట్లకీ, ఆసుపత్రులకీ ప్రోగ్రాములు రాసిపెట్టేవాళ్ళం. ఇప్పుడా హాల్లో చీరల గోడౌన్ ఉంది. ఆ వీధిన వెళ్ళినప్పుడల్లా తలెత్తి చూస్తాను. చూడకుండా వెళ్ళిపోదామని ఎన్నిసార్లు అనుకున్నా నా వల్ల కాలేదు.

సంగతేమిటంటే, ఊళ్ళో ఒక డయాలసిస్ కేంద్రం ఉండేది. అక్కడ మంచాలు తక్కువ, మనుషులు ఎక్కువ. రోజూ ఎవరో ఒకరు రాలేకపోతారు, ఆ ఖాళీ ఎవరికి ఇవ్వాలో వరస కట్టి చూపించే ప్రోగ్రాము మావాడు ఏసుపాదం రాసిపెట్టాడు. రాసిన మూడేళ్ళకి కామెర్లొచ్చి పోయాడు, పోయి మరో మూడేళ్ళయింది. వాడి కంప్యూటరుని ఇంట్లోవాళ్ళు ఎవరికో ఇచ్చేస్తే, తీసుకున్నవాడు ఉన్నదంతా తుడిచి సినిమాలు నింపుకున్నాడు. అందులోనే వాడు మామూలుగా, మనుషులు చదువుకునేలా రాసిన ప్రతి ఉండేది. మిగిలింది కేంద్రంలో నడుస్తున్న కుదించిన ప్రతి ఒక్కటే.

కుదించడం అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. మనం జావాస్క్రిప్టులో శుభ్రంగా రాసుకున్నదాన్ని పనిలో పెట్టేముందు ఒక యంత్రానికి ఇస్తాం. అది ఖాళీలన్నీ పీకేస్తుంది. మనం ముద్దుగా పెట్టుకున్న పేర్లన్నీ చెరిపి ఒక్కొక్క అక్షరం పెడుతుంది. 'ఇలా అయితే అలా చెయ్యి' అని విడివిడిగా రాసిన వాక్యాల్ని గుర్తులతో ఒకే ముద్ద చేస్తుంది. గుమ్మడికాయని వడియం చేసినట్టు. వడియాన్ని చూసి అది ఏ పాదు కాయో చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

కేంద్రంవాళ్ళకి కొత్త మంచాలు వచ్చాయి, ప్రోగ్రాము మార్చాలి. ఆ పని షాహీనకి పడింది. నాలుగు రోజులు ఆ ముద్దతో కుస్తీ పట్టి చాలామటుకు విప్పింది. పనిమంతురాలు, కాదనను. అయిదో రోజున ఒకచోట ఆగింది. పిట్ట కొంచెం, కూత ఘనం అన్నట్టు, ఇంతే ఉంది అక్కడ:

k||v&&z(p,0)

రెండు నిలువు గీతలుంటే 'లేకపోతే' అని. ఆ జంట గుర్తు ఉంటే 'అయితేనే' అని. కాబట్టి దీని అర్థం: k అయితే సరే, లేకపోతే, v అయితేనే, p అనే మనిషిని తీసుకెళ్ళి వరసలో అందరికన్నా ముందు కూర్చోబెట్టు. k ఎవరో షాహీన కనిపెట్టింది. ఆ రోజుకి ముందే మంచం ఖాయమైనవాళ్ళు. అంటే వాళ్ళ గురించి ఇంక ఏమీ అడగక్కర్లేదు, ముందుకి పో అని. v ఎవరో మాత్రం అంతుపట్టలేదు. కేంద్రంవాళ్ళు రోగికి ఇచ్చే కార్డు నంబరు మొదట్లో డెబ్భై ఒకటి నుంచి డెబ్భై నాలుగు దాకా ఏదన్నా ఉంటే v అవుతారని ఉంది. ఎందుకు అవుతారో లేదు. పరీక్షించి చూద్దామని కేంద్రం నుంచి నలభై కార్డుల నకళ్ళు తెప్పించుకుంది. దగ్గర్లో ఉన్నవాళ్ళవి నలభై తీసి ఇచ్చారు వాళ్ళు. ఒక్కదాని నంబరూ అలా మొదలవలేదు. నలభై మందిలో ఎవరి దగ్గరా ఆ వాక్యం రెండో సగం కదల్లేదు.

"ఇది చచ్చిపోయిన ముక్క అయినా కావాల, దొంగదారి అయినా కావాల," అంది షాహీన. "ఎవరో కావాల్సినోళ్ళకి నంబర్లు ఇచ్చి, వాళ్ళు వస్తే ముందు కూర్చోబెట్టమని పెట్టినట్టుంది సార్. పైకి కనపడకుండా గుర్తుల్లో దాచిపెట్టినాడు. సోమవారం కొత్తది పెడతాం కదా, నేను దీన్ని తీసేస్తున్నా. కేంద్రంవాళ్ళకి కూడా ఒక మాట చెప్పేది మంచిది."

నాకు ఒళ్ళు మండింది. గుర్తుల్లో దాచింది ఏసుపాదం కాదు, యంత్రం. అది ఎవరు రాసినా అలాగే ముద్ద చేస్తుంది. ఆ మాట అందామనుకున్నాను. కానీ ఆ నంబర్లవాళ్ళెవరో, ఎందుకు ముందు కూర్చోవాలో నాకూ తెలియదు. చచ్చిపోయినవాడి మీద ఒక మాట పడిందంటే అది దులుపుకోవడానికి వాడు రాడు. సోమవారం పొద్దున కేంద్రంవాళ్ళ చెవిన పడితే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది, మంచాల దగ్గర చేతివాటం చూపించాడట అని. వాడి తల్లి ఇంకా బతికే ఉంది.

అప్పుడే షాహీన ఆ ప్రశ్న అడిగింది, ఏది ఉంచాలో ఏది పీకెయ్యాలో ఎలా తెలుస్తుందని.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. వీధివైపు కిటికీ చూపించి, "అక్కడ కుర్చీ వేసుకు కూర్చోమ్మా," అన్నారు. "ఎదురుగా పూర్ణమ్మ మెస్సు. పన్నెండు కావస్తోంది, ఆవిడ గుమ్మంలోకి వస్తుంది. ఎవర్ని లోపలికి పంపుతుందో, ఎవర్ని బయట బెంచీ మీద కూర్చోబెడుతుందో చూడు. ఏ పద్ధతిన చేస్తోందో కాయితం మీద రాయి. కిందకి వెళ్ళి అడక్కూడదు సుమా."

కంప్యూటర్లకి చల్లదనం కోసమని కిటికీలకి అద్దాలు బిగించాం. వీధిలో పెళ్ళి ఊరేగింపు వెళ్ళినా మాకు మూకీ సినిమాయే. అంచేత షాహీనకి మనుషులు కనపడతారు, మాట ఒక్కటీ వినపడదు, ఎవరి పేరూ తెలియదు. మాస్టారు ఇదంతా ఆలోచించే అన్నారో, ఆకలివేళకి పూర్ణమ్మ గారి మెస్సు జ్ఞాపకం వచ్చి అన్నారో, ఈ రోజుకీ నాకు తెలియదు.

నేనూ వెనక నుంచుని చూశాను. ఆ మెస్సులో నేను తొమ్మిదేళ్ళు తిన్నాను, కానీ పైనుంచి ఎప్పుడూ చూడలేదు. పూర్ణమ్మ గారు నడుముకి కొంగు బిగించి గడపకి అడ్డంగా నుంచున్నారు. వచ్చినవాడి చేతిలో భోజనం టిక్కెట్టు ఉంటే అంతే, పక్కకి జరిగేవారు. వాడి మొహం కూడా చూసేవారు కాదు. టిక్కెట్టు లేకపోతేనే మెడ వెనక్కి తిప్పి లోపల ఆకు ఖాళీ ఉందా అని చూసేవారు. ఉంటే పంపేవారు, లేకపోతే బెంచీ చూపించేవారు.

"చూసినారా అన్నా," అంది షాహీన నాతో, చిన్నపిల్లలా సంబరపడి. "టిక్కెట్టు కనపడితే ఆయమ్మ మెడ తిప్పదు. మన రెండు గీతల లెక్క ఇదే. మొదటిదానికి అవును అంటే రెండో ప్రశ్న అడగనే అడగదు. మెడ తిరిగిందంటే టిక్కెట్టు లేదని మనకి తెలిసిపోతుంది."

పన్నెండున్నరకి కాయితం నిండింది. కానీ ఒంటిగంట లోపల మూడుసార్లు లెక్క తప్పింది. ఒక ముసలావిడ, తర్వాత ఖాకీ చొక్కా మనిషి, తర్వాత కూతుర్ని చంకనేసుకున్న ఒకావిడ. ఎవరి చేతిలోనూ టిక్కెట్టు లేదు. బెంచీ మీద అప్పటికే నలుగురు ఎదురుచూస్తున్నారు. పూర్ణమ్మ గారు మెడ తిప్పలేదు. ఒక్కసారి తల కిందకి దించి, వెంటనే దారి వదిలారు. షాహీన కాయితం చివర ఇలా రాసింది: 'మూడుసార్లు పద్ధతి తప్పారు. చుట్టాలై ఉంటారు.'

మాస్టారు కాయితం చదివారు.

"పద్ధతి బాగా పట్టావు. ఆ ముగ్గుర్నీ తీసేస్తే మెస్సు నడుస్తుందా?"

"ఇంకా బాగా నడుస్తుంది సార్. బెంచీ మీదవాళ్ళు కోపం చేసుకోరు."

"ఇవాళ చేసుకున్నారా?"

షాహీన కిటికీకేసి చూసింది. నేనూ చూశాను. బెంచీ మీద నలుగురూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ముగ్గురు తమని దాటి ముందు వెళితే ఒక్కడూ లేవలేదు, ఒక్కడూ చెయ్యి ఊపలేదు. అన్నం దగ్గర అంత ఓర్పు మా ఊళ్ళో పుట్టలేదని నాకు బాగా తెలుసు.

"ఇప్పుడు వెళ్ళి అడుగు," అన్నారు మాస్టారు.

భోజనం వేళ కాబట్టి నేనూ దిగాను. షాహీన నేరుగా వెళ్ళి, "ఆ ముగ్గురూ మీకేమవుతారమ్మా?" అని అడిగేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

పూర్ణమ్మ గారు ఆశ్చర్యపోయారు. "నాకేమవుతారు? ఆ ముసలమ్మ పేరు కూడా తెలీదు నాకు. పంటు దిగొచ్చారమ్మా. కాళ్ళు చూళ్ళేదా, పిక్కల దాకా ఒండ్రు. అవతల ఏటి మధ్య లంకల్లోంచి వస్తారు. ఒంటిగంటన్నర పంటు దాటిపోతే మళ్ళీ నాలుగింటికే. బెంచీ మీద కూర్చోబెట్టాననుకో, అన్నమన్నా మానుకోవాలి, పంటన్నా మానుకోవాలి."

బెంచీ చివర కూర్చున్నాయన కలగజేసుకున్నాడు. "మాకేం తొందరండీ, మేమేమన్నా ఏరు దాటాలా? ఆయ్, కూర్చుంటాం."

ఇప్పటివాళ్ళకి పంటు అంటే చెప్పాలేమో. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిస్తే, దాని మీద మనుషులూ సైకిళ్ళూ గేదెలూ కలిసి ఏరు దాటేవాళ్ళు. రేవులో నీళ్ళు తక్కువుంటే పంటు ఒడ్డు దాకా రాలేకపోయేది, బురదలో దిగి నడవాలి. ఇప్పుడు వంతెన వేశారు. పది నిమిషాల్లో ఆటోలో పొడి కాళ్ళతో వచ్చేస్తున్నారు. మంచిదే. అయినా పంటు కదిలే ముందు గంట మోగడం, రేవులో వాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తడం వంతెన ఎక్కినప్పుడల్లా తలుచుకుంటాను.

"మీ మేడ మీదే ఉండేవాడు, ఏసుపాదమని," అన్నారు పూర్ణమ్మ గారు, షాహీనకి విస్తరి వేస్తూ. "నాలుగేళ్ళు తిన్నాడిక్కడ. ఈ బెంచీ మీద కూర్చుని ఎప్పుడూ అదే పని. ఫలానా ఆవిడ పంటు మీదొచ్చింది పిన్నిగారూ, ముందామెకి పెట్టండి అని. ఓసారి పెట్టకపోతే వాడి విస్తరి ఎత్తి ఆవిడ ముందు పెట్టేశాడు. అప్పట్నించే నేను కాళ్ళు చూడ్డం."

షాహీన రెండు ముద్దలు తిన్నది. తర్వాత చెయ్యి కడుక్కుని, మేడ ఎక్కకుండా తిన్నగా డయాలసిస్ కేంద్రానికి నడిచింది. ఎండ మాడ్చేస్తోంది. నేను వెనకాలే గొడుగు పట్టుకుని పరిగెత్తాను, కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఎవరన్నా అంటే అననీ అని.

అక్కడ ఒక నర్సమ్మ, సువార్తమ్మ గారని, అందరికన్నా పాతావిడ. డెబ్భై ఒకటితో మొదలయ్యే కార్డులు ఎవరివండీ అని అడిగితే ఆవిడ పుస్తకం తెరవను కూడా లేదు.

"లంకలవాళ్ళవి. నాలుగు లంకలు, నాలుగు నంబర్లు. పద్దెనిమిది మందున్నారు. వాళ్ళకి ఎప్పుడూ పొద్దుటి వరసలోనే పడుతుంది, ఎందుకో మరి. సాయంత్రం వరసలో పడితే అయ్యేసరికి తొమ్మిది దాటుద్ది, ఆఖరి పంటు ఆరింటికే కదా. కొత్తల్లో ఒకాయన అలాగే పడితే, రాత్రంతా రేవులో పడుకున్నాడు పాపం. ఆ తర్వాత వారానికి రావడమే మానేశాడు." ఆవిడ పుస్తకం పక్కకి జరిపింది. "తర్వాత కబురొచ్చింది. ఏసుపాదం అప్పుడిక్కడే ఉన్నాడు, ప్రోగ్రాము పెడుతున్నాడు. విన్నాడు."

షాహీన నా గొడుగు కోసం కూడా ఆగకుండా మేడకేసి నడిచింది. మేడ మెట్ల దగ్గర ఆగి, "నేను నలభై మందితో చూసినా అన్నా. నలభై మందీ ఏరు ఈవలి వాళ్ళే," అంది. మదనపల్లెలో ఏరు లేకపోవడం ఆవిడ తప్పు కాదు. మరి ఈ ఊళ్ళో పుట్టి, ఏసుపాదంతో కలిసి తిరిగి, పంటు ఎక్కీ దిగీ కూడా ఆ v ఏమిటో తట్టని నన్ను ఏమనాలి? ఆవిడ అనలేదు, నేనే అనుకున్నాను.

సోమవారం లోపలే షాహీన ఆ ముద్ద మొత్తాన్ని విప్పి, మనుషులు చదువుకునేలా తిరగరాసింది. ప్రతి అక్షరానికీ ఒక పేరు పెట్టుకుంటూ వచ్చింది. పీకేద్దామనుకున్న ముక్కని దాని చోటే ఉంచింది, k ముందు, v తర్వాత. ఈసారి పరీక్షకి కార్డులు తనే వెళ్ళి తెచ్చుకుంది, అందులో పద్దెనిమిది లంకలవి.

సోమవారం పొద్దున ఆరున్నరకే కేంద్రం ముందు కూర్చుంది. నేనూ వెళ్ళాను. తెర మీద కొత్త వరస వచ్చింది. మొదటి పేరు పల్లాలమ్మ. బక్కపల్చటి మనిషి, చీర కుచ్చెళ్ళు ఇంకా తడి ఆరలేదు. తన పేరు మొదట రావడం ఆమెకి వింతగా లేదు. ఎప్పుడూ అలాగే వస్తుంది కాబట్టి తలెత్తి చూడను కూడా లేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళింది. పన్నెండు దాటాక చేతికి కట్టుతో బయటికొచ్చి, రేవుకేసి గబగబా నడిచింది. షాహీన ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూ నుంచుంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది, ఎండ అని నాకు చెప్పింది. నేనూ ఎండే అన్నాను.

మధ్యాహ్నం మేడ మీదికి వచ్చి మాస్టారి బల్ల ముందు నుంచుంది.

"అన్నిటికీ పేర్లు పెట్టినా సార్. v కి ఒక్కదానికే పెట్టలేదు. పంటు అని పెట్టాలనిపిస్తుంది. లంక అని పెట్టాలనిపిస్తుంది. ఏసుపాదం అన్న ఏం పెట్టుంటాడు?"

మాస్టారు కళ్ళజోడు తియ్యలేదు.

"ఏమోనమ్మా. వాడు పెట్టిన పేరు మనకి తెలియదు," అన్నారు. "తెలియకుండానే ఆరేళ్ళుగా వాళ్ళు పంటు అందుకుంటున్నారు."